తెలంగాణలో తెలుగు పత్రికకు నిలువ నీడ కల్పించిన సురవరం ప్రతాపరెడ్డిగారు

సైన్సు విద్యార్థులు సావనీరుకు సైన్సు మీదనే వ్యాసం రాయడం మన కాలేజీలో ఆనవాయితీ. రసాయన శాస్త్రం చదివేవాడివి, నీకు పత్రికల సంగతి ఎందుకని మిత్రులు ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. కారణం ఉంది. మాది నడిగడ్డ. కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న నేల కాబట్టి దానికా పేరు. రెండు దిక్కులా నదులున్నా బోరు నమ్ముకుని బతికే రైతులం మేము. పల్లికాయ, మిరప, పత్తి విత్తనం మా పంటలు. అలాంటి నేలలో పుట్టిన ఒక మనిషి తెలంగాణలో తెలుగు పత్రికను నిలబెట్టినాడని నేను డిగ్రీలో చేరిన తరువాత గానీ పూర్తిగా తెలుసుకునే అవకాశం రాలేదు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. దాని పక్కన ఫోటోలు దిగేవాళ్ళలో ఆయనెవరో చెప్పగలిగేవారు ఎందరుంటారో పాఠకులే ఆలోచించాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1896 మే 28న తల్లిగారి ఊరు బోరవెల్లిలో జన్మించారు. సొంత ఊరు ఇటిక్యాలపాడు. ఇప్పుడు ఈ రెండూ జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నాయి. తండ్రి చిన్నతనంలోనే పోతే చిన్నాయన చదివించారు. ఆ రోజుల్లో మా ప్రాంతం పిల్లలకు పెద్ద చదువు అంటే తుంగభద్ర దాటి కర్నూలు పోవడమే. నది ఈవల నైజాం రాజ్యం, ఆవల ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని. ఈవల కచేరీలో ఉర్దూ, ఆవల కచేరీలో ఇంగ్లీషు. తెలుగు మాత్రం రెండు ఒడ్డుల మీదా ఇళ్ళల్లో, పొలాల్లో ఉండేది. కర్నూలులో చదివి, హైదరాబాదు నిజాం కాలేజీలో ఇంటర్మీడియట్ చేసి, మద్రాసులో బి.ఎ., ఆపైన బి.ఎల్. పూర్తి చేశారు. సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. కొన్నాళ్ళు వకీలు వృత్తి చేశారు. ఆ కాలంలో వకీలు అంటే డబ్బు, హోదా రెండూ ఉండేవి. ఊర్లో భూములున్నాయి. హాయిగా బతకడానికి ఏ లోటూ లేని మనిషి అన్నమాట. అటువంటి వ్యక్తి అప్పులూ ఆంక్షలూ తప్ప మరేమీ రాని పత్రిక పనిలోకి ఎందుకు దిగారు? ఇది తెలియాలంటే అప్పటి నైజాం రాజ్యం పరిస్థితి కొంత చెప్పుకోవాలి.

ఆనాటి స్థితి

హైదరాబాదు సంస్థానంలో తెలుగు మాట్లాడేవారే అందరికంటే ఎక్కువ మంది. అయినా రాజభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో జరిగేది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం గొప్ప సంగతే. కానీ ఆ భాష పల్లెటూరి రైతు బిడ్డ ఇంట్లో మాట్లాడే భాష కాదు. తన భూమి కాగితం తాను చదువుకోలేని రైతు పటేలు పట్వారీల చేతిలో ఉండక ఏం చేస్తాడు? మా తాత తరంవాళ్ళు పహాణీ, రసీదు, దస్తూరు వంటి మాటలు ఎంత భయంతో పలికేవారో మా అవ్వ చెప్పగా విన్నాను.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ థియేటరులో సంఘ సంస్కార సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగినాయి. ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు ఈలలు వేసి, గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొంతమంది తెలుగువారు కలిసి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. ఆ కాలంలోనే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా సభ పెట్టరాదు. నలుగురు కూడి మాట్లాడుకోవడానికే పర్మిషన్ కావాలి అన్నప్పుడు పత్రిక పెట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

అయినా ప్రయత్నాలు జరగకపోలేదు. తెలంగాణలో మొట్టమొదటి తెలుగు పత్రికగా చెప్పేది 1886 నాటి సేద్యచంద్రిక. అది ఉర్దూలో వచ్చే వ్యవసాయ పత్రికకు తెలుగు అనువాదం. రైతు బిడ్డగా ఈ సంగతి నాకు ఎంతో సంతోషం కలిగించింది. మన ప్రాంతంలో తెలుగు అక్షరం పత్రికగా అచ్చయింది మొదట సేద్యం కోసమే! తరువాత 1913లో మహబూబ్‌నగర్ నుండి హితబోధిని వచ్చింది. 1922లో రెండు పత్రికలు పుట్టాయి. నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నీలగిరి నడిపారు. ఇనుగుర్తి అనే పల్లెటూరి నుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు తెనుగు పత్రిక తెచ్చారు. ఒద్దిరాజు సోదరులు ప్రెస్సు తామే పెట్టుకున్నారు. వార్త రాసేదీ, అక్షరాలు పేర్చేదీ, అచ్చు వేసేదీ, పోస్టు చేసేదీ ఆ ఇద్దరే. ఇవేవీ ఎక్కువ కాలం నిలవలేదు. చందాదారులు తక్కువ, ప్రకటనలు లేవు, సర్కారు చూపు ఎప్పుడూ మీదనే. బందరు నుండి కృష్ణాపత్రిక, మద్రాసు నుండి ఆంధ్రపత్రిక పోస్టులో వచ్చేవి. చదువుకున్నవారు వాటికోసం ఎదురు చూసేవారు. కానీ వాటిలో మన ఊరి వెట్టి సంగతి, మన తాలూకా గిర్దావరు లంచం సంగతి ఎంత వస్తుంది?

గోలకొండ పత్రిక

హైదరాబాదు కొత్వాలుగా పనిచేసిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలు స్థాపించారు. జిల్లాల నుండి వచ్చే రైతు కుటుంబాల పిల్లలకు పట్నంలో తలదాచుకునే చోటు అది. ఆ హాస్టలు బాధ్యత ప్రతాపరెడ్డిగారి మీద పెట్టారు. ఆయన అక్కడ పిల్లలకు భోజనం, పడక చూడటంతో సరిపెట్టుకోలేదు. మంచి గ్రంథాలయం తయారు చేశారు. పల్లెలనుండి వచ్చిన పిల్లలను చూస్తుంటే, వీళ్ళ ఊళ్ళ కష్టసుఖాలు చెప్పే పత్రిక ఒకటి ఉండాలనే ఆలోచన బలపడి ఉంటుందని నా అభిప్రాయం. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నాకు ఇది సులభంగానే అర్థమవుతుంది.

1926లో గోలకొండ పత్రిక మొదలైంది. అప్పటికి ఆయన వయస్సు దాదాపు ముప్పై సంవత్సరాలు. వారానికి రెండుసార్లు వచ్చే పత్రిక. మొదటి రోజుల్లో సంపాదకుడు, గుమాస్తా, ప్రూఫులు దిద్దేవాడు, చిరునామాలు రాసేవాడు అన్నీ ఆయనే. వ్యాసాలు చాలక మారుపేర్లతో తానే రాసేవారు. కథ, కవిత, విమర్శ, చరిత్ర దేన్నీ వదల్లేదు.

ఇక్కడ అచ్చు పని గురించి ఒక మాట చెప్పకపోతే ఆ శ్రమ మనకు అర్థం కాదు. అప్పుడు ఒక్కొక్క అక్షరాన్నీ చేత్తో ఏరి పేర్చాలి. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు, చిన్నవీ పెద్దవీ కలిపితే దానికి రెట్టింపు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు అన్నీ కలిపి కేసులో వందల గడులు ఉండాలి. ఈ అచ్చు దిమ్మెలు సీసం, తగరం, ఆంటిమొని కలిసిన మిశ్రలోహం. సీసం చవక, తొందరగా కరుగుతుంది, కానీ మెత్తన. అందుకే గట్టిదనం కోసం ఆంటిమొని కలుపుతారు. చాలా లోహాలు గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతాయి. ఆంటిమొని మాత్రం కొద్దిగా వ్యాకోచిస్తుంది. కాబట్టి పోత పోసినప్పుడు అక్షరం అంచు మూసలోకి నిండుగా వెళ్ళి పదునుగా వస్తుంది. మన లాబొరేటరీలో ఆంటిమొని అంటే ఒక మూలకం, ఒక గుర్తు. ఆ గుర్తు వెనుక కంపోజిటరు నల్లబడిన వేళ్ళు ఉన్నాయని నాకు ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడు తట్టింది. ఒక పుట పేర్చి, అచ్చు వేసి, మళ్ళీ ఆ అక్షరాలన్నీ ఏ గడిలోవి ఆ గడిలో వేసి, మూడు రోజులు తిరిగేసరికి మరో సంచిక! ఇలా సంవత్సరాల తరబడి.

గోలకొండ పత్రిక ఏం రాసింది? వెట్టిచాకిరి గురించి రాసింది. అధికారుల లంచాల గురించి రాసింది. గ్రంథాలయాలు కావాలని, తెలుగు బడులు కావాలని రాసింది. కొత్తగా రాసేవాళ్ళకు చోటిచ్చింది. అంతవరకు తెలంగాణలో తెలుగులో రాసేవాడికి తన రచన అచ్చులో చూసుకునే భాగ్యం అరుదు. ఈ పత్రిక వచ్చాక జిల్లాల్లో ఉన్న పంతుళ్ళు, పట్వారీలు, వకీళ్ళు, విద్యార్థులు కలం పట్టినారు. పత్రిక అంటే చదివేవాళ్ళను తయారుచేసేదే కాదు, రాసేవాళ్ళను కూడా తయారుచేసేదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ప్రభుత్వానికి ఇవన్నీ కంటగింపు అయినాయి. సంపాదకీయాలు ముందుగా సర్కారుకు చూపించి, అనుమతి పొందిన తరువాతనే అచ్చు వేయాలని ఒక దశలో ఆంక్ష పెట్టారు. ప్రతాపరెడ్డిగారు ఆ ఆంక్షను కాదనలేదు, తలొగ్గనూ లేదు. సంపాదకీయం రాయడమే మానేసి, ఆ స్థలంలో ప్రపంచంలోని మహానుభావుల సూక్తులు ఏరి వేయసాగారు. స్వేచ్ఛ గురించీ న్యాయం గురించీ ఏనాటివారో చెప్పిన మాటలకు అనుమతి ఎవరు ఇవ్వాలి, ఎవరు కాదనాలి? సర్కారుకు తోచలేదు. చదివేవాళ్ళకు మాత్రం విషయం తెలిసిపోయేది. మా ఊర్లో ఇలాంటి తెలివిని ముల్లును ముల్లుతోనే తీయడం అంటారు.

మూడు వందల యాభై నాలుగు మంది

ప్రతాపరెడ్డిగారి జీవితంలో సైన్సు విద్యార్థిగా నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకర్షించింది గోలకొండ కవుల సంచిక. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేనే లేరన్న అర్థం వచ్చేటట్టు ఒక పండితుడు రాశారు. ఆ మాట తెలంగాణ వారికి ముల్లులా గుచ్చుకుంది. కోపం వచ్చినవాడు మామూలుగా ఏం చేస్తాడు? తిట్టుకు తిట్టు రాస్తాడు. పత్రిక చేతిలో ఉన్నవాడికి అది ఇంకా సులభం. ఆయన అలా చేయలేదు. జిల్లా జిల్లా నుండి కవుల రచనలు, వివరాలు తెప్పించారు. ఎవరు ఎక్కడివారు, ఏం రాశారు, కాలమెప్పటిది అని సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక అనే పుస్తకం తెచ్చారు. అందులో 354 మంది కవులు ఉన్నారు.

లేదు అన్న ప్రతిపాదనను కొట్టేయడానికి తర్కశాస్త్రం ప్రకారం ఒక్క ఉదాహరణ చాలు. ఆయన 354 చూపించారు. ఆవేశంతో కాక ఆధారంతో జవాబు చెప్పడం అంటే ఇది. మనం ప్రాక్టికల్ రికార్డులో పరిశీలన, పట్టిక, ఫలితం అని మూడు శీర్షికలు గీసుకుంటాం. ఆ పద్ధతి ఒక సాహిత్య వివాదంలో వాడిన మనిషి, అందులోనూ మారుమూల తాలూకాల్లో పేరు తెలియని కవిని కూడా లెక్కలోకి తెచ్చిన మనిషి, ఈ వకీలు. అప్పట్లో ఫోన్లు లేవు, మంచి రోడ్లు లేవు. ఉన్నదల్లా పోస్టుకార్డు, తన పత్రిక చందాదారులు. పత్రిక అనేది లేకుంటే ఆ ఉత్తరాలు ఎక్కడికి రావాలి? కాబట్టి ఈ గ్రంథం కూడా గోలకొండ పత్రిక సృష్టే అని అనడంలో అతిశయోక్తి లేదు.

సభలు, గ్రంథాలు

1930 మార్చిలో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారు. తెలుగులో మాట్లాడబోయినవారిని హేళన చేసి కూర్చోబెట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు నిండలేదు. అదే రాజ్యంలో తెలుగువాళ్ళే వేలకొద్దీ కూడి సభ జరుపుకున్నారు. అక్కడే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. బాల్య వివాహాలు పోవాలని, ఆడపిల్లలు చదవాలని తీర్మానాలు చేశారు. మన కాలేజీలో నేడు ఆడపిల్లలు సగానికి సగం ఉన్నారు. దీని వెనుక ఇటువంటి సభలు ఎన్నో ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

ఆయన రాసిన పుస్తకాల పేర్లన్నీ చెబితే సావనీరు చాలదు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, గ్రంథాలయోద్యమము, మొగలాయి కథలు ముఖ్యమైనవి. వీటన్నిటికీ తలమానికం ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అది 1949లో వెలువడింది. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని మనం హైస్కూల్లో కంఠతా పట్టినాం. ఈ పుస్తకంలో రాజులు వెనక్కి పోయి జనం ముందుకు వస్తారు. తూర్పు చాళుక్యుల కాలం నుండి మొదలుపెట్టి దాదాపు వెయ్యేళ్ళలో తెలుగువాళ్ళు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, రైతు ఏం పండించాడు, ఏ పన్ను కట్టాడు, జాతరలెట్లా జరిగినాయి అనే విషయాలు ఇందులో ఉంటాయి. ఇందుకు ఆధారాలు ఎక్కడివి? కావ్యాలు, శతకాలు, చాటువులు, సామెతలు, శాసనాలు. కవి వర్ణన కోసం రాసిన పద్యంలో నుండి ఒక గిన్నె పేరో, ఒక గుడ్డ పేరో, ఒక ధాన్యం పేరో ఏరి, దాన్ని ఆనాటి బతుకుకు సాక్ష్యంగా నిలబెట్టారు. మట్టి నమూనా తీసి పొలం సంగతి చెప్పినట్టు ఉంటుంది ఆ పని. తాను పుట్టి పెరిగిన సీమలో విన్న పల్లె మాటలే ఆ పాత పద్యాల్లో కనిపించి ఉంటాయి. పండితులకు అర్థం కాని కొన్ని మాటలు పొలం పని తెలిసినవాడికి సులువుగా తెలుస్తాయి మరి.

ఈ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో ఆ అవార్డు పొందిన మొట్టమొదటి పుస్తకం ఇదే. కానీ అది చూసుకోవడానికి ఆయన లేరు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డిగారు 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఏడు మాత్రమే. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ చట్టం చేసింది.

ఆ తరువాత పత్రికలు

1940 దశకంలో హైదరాబాదు పత్రికలకు మంచి రోజులు, గడ్డు రోజులు రెండూ కలిసి వచ్చాయి. అడవి బాపిరాజుగారి సంపాదకత్వంలో తెలుగు మీజాన్ దినపత్రిక వచ్చింది. గోలకొండ పత్రిక కూడా 1947లో దినపత్రిక అయింది. సంస్థానం భారతదేశంలో కలవాలా వద్దా అని ఊరూరా మంట లేచిన కాలం అది. రజాకార్ల దౌర్జన్యాలను ఖండించి, విలీనం కావాలని ఉర్దూలో నిర్భయంగా రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో ఇంటికి పోతుండగా దారి కాచి చంపారు. రాసిన చేతిని నరికినారు. ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. దీన్నిబట్టి ఉర్దూ, తెలుగు అన్నది ఇక్కడ తగాదా కాదని తెలుస్తుంది. తగాదా అధికారానికీ, నిజం రాసే కలానికీ మధ్యనే. ప్రతాపరెడ్డిగారు కూడా ఉర్దూ పారశీకాలను ఇష్టంగా చదువుకున్నవారే. తన భాషకు చోటడిగారు గానీ పక్క భాషకు చోటు లేదనలేదు.

ప్రతాపరెడ్డిగారి తరువాత నూకల నరోత్తమరెడ్డిగారు గోలకొండ పత్రిక సంపాదకత్వం వహించారు. 1966లో ఆ పత్రిక ఆగిపోయింది. నలభై ఏళ్ళ ఆయుష్షు. మద్రాసులో 1914లో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక కూడా 1991లో మూతపడింది. 1984లో హైదరాబాదులో ఎంతో ఆర్భాటంగా వచ్చిన ఉదయం పదకొండేళ్ళకు ఆగిపోయింది. మంచి పత్రిక అయినంత మాత్రాన నిలుస్తుందని లేదు.

మరోవైపు పెద్ద పెరుగుదల కూడా వచ్చింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు ప్రారంభమై మరుసటి సంవత్సరం హైదరాబాదు వచ్చింది. తెల్లవారక ముందే పత్రిక గుమ్మంలో పడటం, ప్రతి జిల్లాకు వేరే పుటలు ఉండటం, మండలానికొక విలేకరి ఉండటం ఆ తరువాత తెలుగు పత్రికలన్నిటికీ అలవాటు అయింది. 2008లో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న 2011లో నమస్తే తెలంగాణ మొదలైంది. గోలకొండ పత్రిక కలలు కన్న దశ ఇది. ఇనుగుర్తిలో ఇద్దరన్నదమ్ములు చేసిన పనికి ఇప్పుడు ప్రతి మండలంలో మనిషి ఉన్నాడు.

ఉన్నాడా అన్నదే ప్రస్తుతం ప్రశ్న. దీనికి మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక వానాకాలం మా ఊర్లో పాతిక మంది రైతులు వేసిన విత్తనం సరిగా మొలవలేదు. మా నాయన కూడా అందులో ఒకడు. రెండు ఎకరాలు మళ్ళీ దున్నవలసి వచ్చింది. అమ్మిన దుకాణం వాడు నేల బాగలేదన్నాడు, వాన సరిగా లేదన్నాడు. రైతులు రెండుసార్లు ఆఫీసుకు పోయి వచ్చారు, ఫలితం లేదు. అప్పుడు మండల విలేకరి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి, చేలు తిరిగి, మొలకలు లెక్కపెట్టి, రసీదులు చూసి జిల్లా పుటలో నాలుగు అంగుళాల వార్త రాశాడు. మూడోరోజు అధికారులు పొలానికి వచ్చారు. పంచనామా అయింది. మొత్తం నష్టం రాలేదు గానీ విత్తనం డబ్బులు వాపసు వచ్చాయి. మా నాయన ఆ పేపరు ముక్క కత్తిరించి పట్టాదారు పాసుబుక్కులో పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఉంది.

ఆ విలేకరి ఇప్పుడు ఇన్సూరెన్సు ఏజెంటు. విలేకరులు చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తను బట్టి లైన్ అకౌంట్ అని కొంత వస్తుంది. పైగా ప్రకటనలు తేవాలి, చందాలు చేర్చాలి. ఎవరి మీద వార్త రాయాలో వాళ్ళ దగ్గరికే పండగ ప్రకటన కోసం పోవలసి వస్తే కలం ఎట్లా నడుస్తుంది? 2020లో కరోనా వచ్చినప్పుడు పత్రికల పుటలు తగ్గాయి, జిల్లా పుటలు కుదించారు, ఎంతోమంది ఉద్యోగాలు పోయినాయి. మా మండలంలో ఆయన కూడా అప్పుడే మానేశాడు.

దీనికి యాజమాన్యాలను తిట్టి ఊరుకుంటే లాభం లేదు. లెక్క చూడాలి. పత్రిక మనం కొనే ధరకు, దాన్ని తయారుచేసే ఖర్చుకు పొంతన ఉండదు. కాగితంలో చాలా భాగం విదేశాలనుండి వస్తుంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైనాక న్యూస్‌ప్రింటు ధర ఆకాశానికంటింది. ఆ లోటును ఇంతకాలం ప్రకటనలు పూడ్చేవి. ఇప్పుడు ప్రకటనలు సెల్‌ఫోన్లోకి పోతున్నాయి. హాస్టల్లో మా గదిలో నలుగురం ఉంటాం, ఎవ్వరం పేపరు కొనం. రీడింగ్ రూములో వేసిన పేపర్లో క్రీడల పుట, ఉద్యోగాల పుట నలిగిపోతాయి, మిగతావి మడత కూడా విప్పరు. వార్త మాత్రం ఫోనులో క్షణంలో వస్తుంది. కానీ ఆ వార్త పొలానికి వచ్చి మొలకలు లెక్కపెట్టదు. ఎవరు రాశారో తెలియదు, తప్పయితే అడగడానికి చిరునామా ఉండదు. గోలకొండ పత్రికలో సంపాదకుడి పేరు, అచ్చువేసిన చోటు ఉండేవి. సర్కారు ఆంక్ష పెట్టింది కూడా ఆ చిరునామాకే. బాధ్యత తీసుకున్నవాడే ఆంక్షకు గురవుతాడు, అటువంటివాడి మాటనే జనం నమ్ముతారు.

అలాగని సెల్‌ఫోను పాడు, పాతకాలం బంగారం అని నేను చెప్పబోవడం లేదు. పాత తెలుగు పత్రికలు ఎన్నో నేడు కంప్యూటరులో చదువుకునే వీలు కలిగింది, అది సైన్సు పుణ్యమే. ప్రతాపరెడ్డిగారు బతికి ఉంటే ఫోను వద్దనేవారు కాదేమో. మద్రాసునుండి వచ్చిన కొత్త యంత్రాన్నీ, సీసపు అక్షరాలనూ కాదనకుండా వాడుకున్న తరం వాళ్ళది. కావలసింది పొలందాకా పోయే కాళ్ళు, లెక్కపెట్టే ఓపిక, కింద సంతకం పెట్టే ధైర్యం. ఈ మూడూ ఏ పరికరంలోనూ దొరకవు.

ముగించేముందు స్టూడెంట్స్ యూనియన్‌కు, లెక్చరర్లకు ఒక విన్నపం. రీడింగ్ రూము పేపర్లు ప్రతి ఏడూ తూకానికి పోతున్నాయి. జిల్లా పుటలైనా ఒక సంవత్సరం వరుసగా కుట్టి లైబ్రరీలో పెట్టించాలి. వందేళ్ళ తరువాత ఎవరైనా మన సాంఘిక చరిత్ర రాయాలనుకుంటే వాళ్ళకు కావ్యాలు, శతకాలు దొరకవు. ఈ పుటలే దొరకాలి. వాటిలో పల్లికాయ ధర ఎంత, ఏ ఊర్లో బోరు ఎండింది, ఏ బడికి పంతులు లేడు అన్నీ ఉంటాయి. అట్లాగే ప్రతి సెలవులకు ఊరికి పోయే మన విద్యార్థులు తమ ఊరి సంగతి ఒక్కటి, కళ్ళారా చూసి, నలుగురిని అడిగి, పేరు పెట్టి రాసుకొస్తే నోటీసు బోర్డు పక్కన గోడపత్రిక పెట్టవచ్చు. మొదటి సంచికకు మా ఊరి నుండి నేను రాస్తాను. ఈసారి సంక్రాంతి సెలవుల్లో మా చెరువు కింద ఎన్ని ఎకరాలు సాగయిందో లెక్కపెట్టుకొస్తానని మా నాయనతో ఇప్పటికే చెప్పాను.

— బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి